పొగ బండి వెళ్లాక కూడా జ్వరాలు ఆగడం లేదా? నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో శుక్రవారం చేయాల్సిన పని

"మొన్ననే మా వీధిలో పొగ కొట్టారండీ. అయినా ఇంటికొకరు మంచాన పడుతున్నారు, ఎందుకని?" దసరా దాటిందంటే సంక్రాంతి దాకా ఇదే ప్రశ్న. జవాబు చిన్నదే. పొగ గాల్లో ఎగురుతున్న దోమను మాత్రమే చంపుతుంది. తొట్లో ఈదుతున్న దోమ పురుగునూ, తొట్టి గోడకు అతుక్కున్న గుడ్డునూ అదేం చేయలేదు. పైగా డెంగీ దోమ వీధిలో ఉండదు. మంచం కింద, బీరువా వెనక, కొక్కేనికి తగిలించిన చొక్కాల మడతల్లో ఉంటుంది. పొగ బండి చప్పుడు వినగానే మనం చేసే మొదటి పనేమో తలుపులు, కిటికీలు బిగించేయడం!

పొగ వద్దని కాదు. అది జ్వరాలు ముదిరినప్పుడు చేసే తాత్కాలిక పని. వారం వారం చేయాల్సింది ఇంటి నీళ్ల దగ్గర ఉంది. కొబ్బరిపీచు, టార్చిలైటు, ఒక గంట సమయం ఉంటే చాలు.

మన దగ్గర కాలం కాస్త వేరు. కోస్తా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ వస్తాయి. కాబట్టి జూన్, జులైలో నాలుగు రోజులు హడావుడి చేసి వదిలేస్తే లాభం లేదు. సెప్టెంబరులో మొదలుపెట్టి జనవరి దాకా ఒక్క వారం కూడా తప్పకూడదు. కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు ట్యాంకరు నీళ్లు డ్రమ్ముల్లో పట్టి దాచుకునే ఊళ్లకు ఎండాకాలం కూడా దోమల కాలమే. వాన లేకపోయినా డ్రమ్ము నిండుగా ఉంటుంది కదా.

ఏ దోమ ఎక్కడ పుడుతుంది

ఇంతవరకు తెలిస్తే చాలు.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఏడిస్. ఒంటి మీద, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దెక్కిన కొత్తలోనూ పొద్దువాలే ముందూ. ఇది పుట్టేది మనం పట్టి పెట్టుకున్న శుభ్రమైన నీళ్లలో. పుట్టిన చోటి నుంచి వంద, రెండు వందల మీటర్లకు మించి వెళ్లడం తక్కువ. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంటిదో, పక్కింటిదో అయ్యుంటుంది.

మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది. నిలవ నీటి గుంటలు, వాడని బావులు, మూతలేని మిద్దె ట్యాంకులు దాని స్థావరాలు. చీమకుర్తి వైపు వాడి వదిలేసిన గ్రానైటు గుంతల్లో నిలిచిన నీళ్లను కూడా ఈ లెక్కలోనే చూడాలి. ఇక రాత్రి చెవి దగ్గర గుయ్యిమనే మురుగు దోమ క్యూలెక్స్. బోదకాలు దానివల్ల, మెదడువాపు దాని జాతి దోమలవల్ల వస్తాయి, డెంగీ రాదు. "కాలువ తీయలేదు, అందుకే డెంగీ" అని పంచాయతీని తిట్టేముందు మన గాబులోకి ఒకసారి తొంగిచూడాలి.

కావాల్సినవి

- టార్చిలైటు (ఫోనుదైనా సరే)
- తెల్ల గిన్నె లేదా తెల్ల ప్లాస్టిక్ మగ్గు
- కొబ్బరిపీచు లేదా గట్టి బ్రష్షు, బట్టల సబ్బు పొడి
- పాత నూలు చీర ముక్కలు, డ్రమ్ము మూతి కంటే జానెడు వెడల్పు ఎక్కువగా
- కోసిన సైకిల్ ట్యూబు వార్లు
- నైలాన్ దోమతెర ముక్క, కట్టడానికి కొంచెం తీగ
- గోనెసంచి ఒకటి, చెత్త ఏరడానికి

అంచెలవారీగా

1. రోజు ఖాయం చేసుకోండి. ప్రభుత్వం శుక్రవారాన్ని డ్రై డే (నిలవ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు) అంటోంది కాబట్టి అదే పెట్టుకుంటే ఆశా కార్యకర్త వచ్చేసరికి మీ పనీ అయిపోతుంది. వారం గడువు ఎందుకంటే మన ఎండలకు గుడ్డు దోమై ఎగరడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. "పది రోజులకోసారి చేస్తున్నాం" అనేవాళ్లు ఒక కాన్పు దోమల్ని ఎగరనిచ్చాకే కడుగుతున్నారు.

2. తొట్టి, గాబు, డ్రమ్ము ఖాళీ చేసి తోమండి. ఈ మొత్తం పనిలో అసలైనది ఇదే. ఆడ ఏడిస్ గుడ్లను నీళ్లలో వదలదు. నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. మసి రవ్వల్లా, ఆవగింజ కంటే బాగా చిన్నగా, నల్లగా ఉంటాయి. నీళ్లు పారబోసినా అవి అక్కడే ఉంటాయి. ఎండినా చావవు, నెలల తరబడి అలాగే ఉండి మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే నీటి గీత కనిపించే చోటికి జానెడు పైనుంచి మొదలుపెట్టి, అడుగుదాకా సబ్బు పొడితో గట్టిగా రుద్ది, కడిగి, ఎండలో బోర్లించండి. సిమెంటు తొట్టికి గోడ గరుకు కాబట్టి రెండింతలు రుద్దాలి. అడుగున మిగిలే రెండు అంగుళాల నీళ్లను చెంబుతో కాదు, గుడ్డతో అద్ది తీయాలి. పురుగులు దాక్కునేది అక్కడే.

   పురుగులున్న నీళ్లను మురుగు కాలువలోకో, పక్క గుంటలోకో వంచొద్దు. అక్కడ బతికేస్తాయి. ఎండిన మట్టి మీద, వెడల్పుగా చిమ్మండి. నీరింకి చస్తాయి.

3. నింపాక గుడ్డ కట్టండి. ప్లాస్టిక్ మూత ఉన్నా అంచున వేలు దూరే సందుంటే దోమ దూరినట్టే. నూలు గుడ్డను రెండు మడతలు వేసి, మూతి మీద బిగువుగా లాగి, అంచుకు రెండు వేళ్ల కింద సైకిల్ ట్యూబు వారుతో చుట్టండి. తాడు వదులవుతుంది, ట్యూబు పట్టి ఉంచుతుంది. గుడ్డ మధ్యలో జారి నీళ్లకు తగలకూడదు. జారితే వాన పడ్డప్పుడు ఆ గుంటలోనే చెంబెడు నీళ్లు నిలిచి, కట్టిన గుడ్డే దోమల తొట్టి అవుతుంది. రోజుకు పదిసార్లు ముంచుకునే డ్రమ్ముకు గుడ్డ నిలవదు. దానికి అడుగున కుళాయి బిగించుకోవడం మేలు.

4. ఖాళీ చేయలేని పెద్ద తొట్లకు చేపలు. గేదెల తొట్టి, తోట గాబు, వాడని బావి ఇలాంటివి. దోమ పురుగుల్ని తినే చిన్న చేపలు గంబూసియా గానీ గప్పీ గానీ వేయండి. తొట్టి చుట్టుకొలత మీటరుకు 5 నుంచి 10 చేపల లెక్క. నాలుగు మీటర్ల చుట్టుకొలత ఉంటే ఇరవై చాలు. చేపల కోసం మలేరియా విభాగాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ద్వారా అడిగి చూడండి. తెచ్చిన సంచిని అలాగే అరగంట నీళ్లలో తేలనిచ్చి, ఆ తర్వాత మూతి విప్పండి. వేడి తేడాకు చచ్చేవి ఎక్కువ. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే ఒకరోజు నిలవ ఉంచాకే వేయాలి. తాగే నీళ్లలో వేయొద్దు. గంబూసియాను చెరువుల్లోకి, వాగుల్లోకి, రొయ్యల గుంటల్లోకి అసలు వదలొద్దు, ఇతర చేపల పిల్లల్ని కూడా తినేస్తుంది.

5. కంటికి ఆనని నీళ్లు వెతకండి. ఫ్రిజ్ వెనక కింద ఒక పళ్లెం ఉంటుంది. చాలామందికి అది ఉందనే తెలియదు. కూలరు నీళ్లు, అందులోని గడ్డి మెత్తలు (వేసవి అయ్యాక పాత మెత్తలు తీసి పారేయండి, గుడ్లు వాటిలోనే ఉండిపోతాయి). మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింది సాసరు, పిట్టలకు పెట్టే నీళ్ల మూకుడు, పెరట్లో వాన పట్టే రోలు, చీమలెక్కకుండా బీరువా కాళ్ల కింద పెట్టిన గిన్నెలు. కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు, టీ కప్పులు గోనెసంచిలోకి. పాత టైరులో నీళ్లు ఎటు తిప్పినా పూర్తిగా పోవు. దానికి రెండు వైపులా చిల్లులు పెట్టండి, లేదా మట్టి నింపండి. సముద్రపు ఒడ్డు ఊళ్లలో బోర్లించని ఫైబరు పడవలూ మూతపోయిన థర్మకోల్ పెట్టెలూ ఇదే కోవ.

6. మిద్దె ఎక్కండి. ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయి ఎన్నాళ్లయిందో చూడండి. మూత ఉన్నా, నీళ్లు పొర్లే గొట్టం మూతి తెరిచే ఉంటుంది, దానికి నైలాన్ తెర కట్టాలి. సంపు మూతకూ ఇదే చూపు. మరుగుదొడ్డి గాలిగొట్టం చివర తెర ముక్క తీగతో కడితే మురుగు దోమలు తగ్గినట్టు మీకే తెలుస్తుంది. ఎండలకు నైలాన్ చివికిపోతుంది కాబట్టి ఏటా మార్చాలి.

7. కట్టుబడి పని జరుగుతుంటే. స్లాబు వేశాక చుట్టూ మాలుతో గట్లు కట్టి, మడుల్లా నీళ్లు నిలబెడతారు. రెండు వారాలు నిలిచిన ఆ నీళ్లు వీధి మొత్తానికి దోమల్ని పంచుతాయి. మేస్త్రీకి చెప్పి ఆరో రోజున మడులు పూర్తిగా ఆరనిచ్చి, ఊడ్చి, మళ్లీ నింపమనండి. లేదా మడులు మానేసి తడి గోనెలు కప్పి రోజూ తడపమనండి, క్యూరింగుకు లోటు రాదు. ఇటుకలు తడిపే తొట్టి, లిఫ్టు గుంత మర్చిపోతారు. అవే ముందు చూడాలి.

8. పారని మురుగు గుంటకు నూనె ఉండ. రంపపు పొట్టును గుడ్డలో మూటగట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్లో రాత్రంతా నాననిచ్చి వేయండి. నీటిపై పొర పట్టి పురుగుకు గాలి ఆడదు. పారే కాలువలో వేస్తే కొట్టుకుపోతుంది, దండగ. పశువులు తాగే నీళ్లు, బావి, చేపలున్న గుంట దగ్గర వద్దు. సిబ్బంది కాలువలకు కొట్టే అబేట్ (దోమ పురుగును చంపే మందు) 50 శాతం మందు కొలత 10 లీటర్ల నీటికి 2.5 మి.లీ., ఆ ద్రావణం కాలువ పొడవు మీటరుకు 20 మి.లీ., వారానికోసారి. ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి: అబేట్, దోమలకు కొట్టే మలాథియాన్ మందు రొయ్యకు విషం. గుంటలోకి నీళ్లు తీసుకునే కాలువలో అవి పడకుండా ముందే సిబ్బందికి చెప్పండి.

9. ఒంటిని కాపాడుకోండి. దోమతెర రాత్రికే అనుకోవద్దు. మధ్యాహ్నం పడుకునే పసిపిల్లకే డెంగీ దోమ నుంచి కాపు ఎక్కువ కావాలి. మందు పట్టించిన దీర్ఘకాలపు తెర సుమారు 20 ఉతుకులు, మూడేళ్లు పనిచేస్తుంది. దాన్ని తేలిక సబ్బుతో ఉతికి నీడన ఆరేయాలి. ఎండలో వేస్తే మందు పోతుంది. బడికి వెళ్లే పిల్లలకు నిండు చేతుల చొక్కా, కాళ్లకు, మెడకు దోమల క్రీము. ఎన్నేళ్ల పిల్లలకు వాడొచ్చో గొట్టం మీద చదివి రాయండి. అరచేతులకు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది

తొట్టి దగ్గరికి అడుగుల చప్పుడు లేకుండా వెళ్లండి. నీడ పడగానే పురుగులు అడుక్కి దిగిపోతాయి, "ఏమీ లేవు" అనిపిస్తుంది. రెండు నిమిషాలు కదలకుండా ఆగితే గాలి కోసం పైకి రాక తప్పదు. అప్పుడు టార్చి వేసి, తెల్ల గిన్నెతో మూలన ముంచండి. తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతూ, కదిలితే పాములా మెలికలు తిరిగేది ఏడిస్ లేదా క్యూలెక్స్. మంచినీళ్లలో కనబడితే ఏడిసే అనుకోండి. నీటిపై గడ్డిపోచలా అడ్డంగా పడుకున్నది అనాఫిలిస్. కామా గుర్తులా వంగి, తల పెద్దదిగా ఉన్నది ప్యూపా, అంటే దోమగా మారే ముందు దశ. అది కనిపించిందంటే రెండు రోజుల్లో దోమ ఎగురుతుంది, ఆ తొట్టిని రేపటికి వాయిదా వేయకండి.

ఇల్లంతా కడిగినా అనుమానం తీరకపోతే చిన్న ఉచ్చు పెట్టి చూడండి. నల్ల ప్లాస్టిక్ డబ్బాలో సగం నీళ్లు, లోపలి గోడకు గరుకు గుడ్డ పట్టీ, పెరట్లో నీడన. ఐదో రోజున పట్టీ తీసి చూస్తే నీటి అంచున నల్ల చుక్కలు ఉన్నాయా లేదా తేలిపోతుంది. ఉంటే దగ్గర్లో దోమ తిరుగుతోంది, మళ్లీ వెతకాలి. పట్టీని కాల్చేయండి, నీళ్లు మట్టిలో పోయండి. డబ్బా పెట్టి మర్చిపోయేవాళ్లు ఈ పని అసలు చేయొద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కాలువ గట్టున ముగ్గులా బ్లీచింగు చల్లడం. చూడ్డానికి తెల్లగా, పని జరిగినట్టు ఉంటుంది గానీ ఆ మోతాదుకు దోమ పురుగు చావదు. బ్లీచింగు తాగునీటి క్రిములకు, అంతే.

మన ఇల్లొక్కటే శుభ్రం చేసి ఊరుకోవడం. పక్కన తాళం వేసిన ఇల్లుంటే దాని మిద్దె ట్యాంకు, పెరడు సంగతి ఇంటివాళ్లకు ఫోను చేసి కనుక్కోండి. వాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండొచ్చు, దోమ మాత్రం ఇక్కడే ఉంది.

వేపాకు పొగ, దోమల చుట్టలు (కాయిల్స్), కర్పూరం మీద భారం వేయడం. దోమను కాసేపు పక్కకు తోలతాయి, పుట్టుకను ఆపవు. మూసిన గదిలో దోమల చుట్ట పొగ పసిపిల్లలకు మంచిది కాదు కూడా.

జ్వరం వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

1. రోజు రాసుకోండి. జ్వరం మొదలైన రోజు ఒకటో రోజు. క్యాలెండరు మీద గీత పెట్టండి. ఏ పరీక్ష చేయాలో, ఎప్పుడు ప్రమాదమో అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. డాక్టరు మొదట అడిగేదీ అదే.

2. పారాసిటమాల్ ఒక్కటే. పెద్దలకు 500 లేదా 650 మి.గ్రా. బిళ్ల, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు మించకుండా. లివరు జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే. పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మి.గ్రా. వరకు. ఇక్కడో పెద్ద పొరపాటు జరుగుతుంది: సిరప్పులు రెండు బలాల్లో వస్తాయి. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలంటే, 5 మి.లీ.లో 250 ఉన్న సీసా నుంచి 3 మి.లీ. పోయాలి, 125 ఉన్న సీసా నుంచి 6 మి.లీ. పోయాలి. "చెంచాడు పొయ్యి" అనే లెక్క వద్దు, సీసా మీది అంకె చూడండి.

   "ఒక సూది వేయించుకుంటే దిగిపోతుంది" అని ఊళ్లో సూదికి వెళ్లొద్దు. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాక్. అదీ, ఐబూప్రొఫెన్, ఆస్ప్రిన్ లాంటి నొప్పి మందులూ డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. ఒళ్లునొప్పులు ఎంత ఉన్నా సరే వద్దు.

3. సరైన రోజున సరైన పరీక్ష. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ ఆనవాలు చూసేది), ఐదో రోజు దాటాక ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను చూసేది). రెండో రోజున ఐజీఎం చేయించి "నెగటివ్ వచ్చింది, డెంగీ కాదు" అనుకోవడం మామూలుగా జరిగే తప్పు. కార్డు మీద గీతలు చూసే టెస్టు కంటే ల్యాబులో చేసే ఎలైసా పరీక్ష నమ్మదగినది. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఎలైసా అడగండి. మలేరియా రక్తపూత ఏ రోజైనా తీయొచ్చు, మలేరియా మందు వేసుకోకముందే తీస్తే మంచిది. పీహెచ్‌సీలో ఉచితం.

4. నీళ్లు తాగించండి. లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు అన్నీ మంచివే. సరిపోతున్నాయో లేదో మూత్రమే చెబుతుంది: నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, లేత రంగులో పోయాలి.

5. జ్వరం తగ్గిన రోజు కాపలా పెంచండి. డెంగీలో మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. "హమ్మయ్య" అని బడికి, పనికి పంపేది అప్పుడే, ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో రక్తనాళాల నుంచి నీరు కారి రక్తపోటు పడిపోవచ్చు. ఆగని కడుపునొప్పి, మాటిమాటికీ వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్ల విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తు లేదా చిరాకు, ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోవడం: వీటిలో ఒక్కటి కనబడినా 108కి ఫోను చేయండి, తెల్లారనిద్దామని ఆగొద్దు. గర్భిణులు, ఏడాది లోపు పిల్లలు, షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఈ గుర్తులు లేకపోయినా ముందే ఆసుపత్రిలో చూపించుకోవాలి.

6. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని కంగారు పడకండి. మూడో రోజు నుంచి, జ్వరం దిగాక రెండు రోజుల దాకా, రోజూ రక్త పరీక్ష చేయిస్తూ ప్లేట్‌లెట్లతో పాటు హెచ్‌సీటీ లేదా పీసీవీ అనే అంకె (రక్తంలో ఎర్రకణాల వంతు) కూడా చూడమని అడగండి. ప్లేట్‌లెట్లు పడిపోతూ ఇది పెరుగుతుంటే రక్తం చిక్కబడుతోందని, అసలు ముప్పు అదేనని అర్థం. రక్తస్రావం లేకపోతే పది వేల పైన ఉన్నంతవరకు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. బొప్పాయి ఆకు రసం తాగించి ఆసుపత్రికి ఆలస్యం చేయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రసానికి వాంతులైతే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది.

7. రోగిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. మొదటి ఐదు రోజులు రోగిని కుట్టిన దోమలోకి వైరస్ చేరుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల తర్వాత అదే దోమ పక్కవాళ్లకు పంచుతుంది. ఒక ఇంట్లో డెంగీ తేలిందంటే చుట్టూ ఇళ్లలో శుక్రవారం దాకా ఆగకుండా ఆ రోజే తొట్లు తోమాలి.

పరీక్షలన్నీ నెగటివ్ వచ్చి జ్వరం వదలకపోతే నడుము దగ్గర, చంకలో, గజ్జల్లో నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉందేమో చూడండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, దోమది కాదు, చిగ్గర్ అనే సన్న పురుగుది (మంచం నల్లి కాదు). డాక్టరుకు ఆ మచ్చ చూపిస్తే చాలు, మందు వేరే ఉంది.

మలేరియా తేలితే బిళ్లల సంగతి. వైవాక్స్ రకమైతే మూడు రోజుల మందుతో జ్వరం పోతుంది, కానీ లివరులో దాక్కున్న క్రిమి కోసం ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. ఇది గర్భిణులకు, చంటిపిల్లలకు ఇవ్వరు, కాబట్టి ఇంట్లో ఒకరికి రాసింది ఇంకొకరికి వేయొద్దు. మూత్రం నల్ల టీ రంగులో వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇలాంటిదేమీ లేకపోతే మధ్యలో మానొద్దు. మానితే నెలల తర్వాత అదే చలి, అదే వణుకు మళ్లీ వస్తుంది. పద్నాలుగో రోజు రాత్రికి ఇచ్చిన బిళ్లల్లో ఒక్కటి కూడా మిగలకూడదు.